పద్దెనిమిది దాటాక అక్క ఎవరి లెక్కలో ఉంది?
ఎనిమిది జిల్లాల కలెక్టర్లకు ఒక తమ్ముని బహిరంగ లేఖ

ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్, కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాల కలెక్టర్ గార్లకు,

ఒకే లేఖ ఎనిమిది మందికి రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అక్క పుట్టేనాటికి ఈ నేలంతా రెండే జిల్లాలు. గోదావరికి అటు ఆదిలాబాద్, ఇటు కరీంనగర్. ఆమె 1971లో అటు కాగజ్‌నగర్‌లో పుట్టింది, 2024 చలికాలంలో ఇటు కోరుట్లలో కన్నుమూసింది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు పుట్టిన ఊరు ఆసిఫాబాద్‌లోకి, పెరిగిన ఊరు జగిత్యాలలోకి పోయాయి. మధ్యలో మంచిర్యాలలో మేనత్త ఇల్లు, గోదావరిఖనిలో చిన్నమ్మ ఇల్లు, వేములవాడలో మొక్కు, కరీంనగర్‌లో దవాఖాన. మీ అందరి పాలనలోని నేల మీదా ఆమె ఎప్పుడో ఒకప్పుడు నడిచింది.

ఆమెకు డౌన్ సిండ్రోమ్. యాభై రెండేళ్ళు బతికింది. ఆ యాభై రెండేళ్ళ గురించి రాయాలని కూర్చుంటే, అది మీరు చేయగల ఒక పని దగ్గరికి వచ్చి ఆగింది. అందుకే ఈ ఉత్తరం మీ పేరున రాస్తున్నాను.

ముందు ఆమె ఎవరో చెప్పనివ్వండి. కాస్త వివరంగానే చెప్తాను. ఆ వివరాలతో పని ఏమిటో తర్వాత మీకే తెలుస్తుంది.

మా బాపు సిర్పూర్ పేపర్ మిల్లులో కార్మికుడు. అవ్వకు అక్క తొలిచూలు. అప్పటికి అవ్వ వయసు ఇరవై ఒకటి. తల్లికి వయసు ముదిరితేనే ఇలాంటి బిడ్డ పుడుతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. వయసుతో పాటు ఆ అవకాశం పెరిగే మాట నిజమే. కానీ కాన్పుల్లో ఎక్కువ భాగం పడుచు తల్లులవే కాబట్టి డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువమంది పుట్టేది కూడా వాళ్ళకే. 1971లో ఈ మాట అవ్వకు చెప్పేవాళ్ళు లేరు. గ్రహణం నాడు బయట తిరిగిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. అవ్వ అందరి మాటా విని, అందరూ చెప్పిన మొక్కులూ తీర్చి, బిడ్డను చంకనేసుకుని తన పని తాను చేసుకుంది.

అక్కకు నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన మాటల్లో మొదటిది 'బాపు'. మిల్లు సైరన్ మా వాడకంతా గడియారం. సైరన్ కూయగానే బాపు చెప్పులు తీసి, గడప బయట, వేసుకునేందుకు వీలుగా మిల్లు దిక్కు తిప్పి పెట్టేది. టిఫిన్ డబ్బా చేతికిచ్చేది. ఈ వారం బాపుది పగటి షిఫ్టా, రాత్రి షిఫ్టా అన్నది అవ్వ మరిచినా అక్క మరవలేదు. బడిలో పేరు లేదు గానీ నా వెంట వచ్చి రెండో తరగతి దాకా వెనక బెంచీలో కూర్చుంది. పంతులు పేర్లు పిలుస్తుంటే ప్రతి పేరుకూ తానే 'హాజర్ సార్' అనేది.

1988లో బాపు పోయాడు. కొన్ని నెలలకు అవ్వ మమ్మల్ని తీసుకుని పుట్టిల్లు కోరుట్ల చేరింది. తునికాకు ఆదిలాబాద్ అడవుల నుంచి గోదావరి దాటి వచ్చినట్టే మేమూ దాటి వచ్చి అవ్వ చాటలో పడ్డాం. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల దిక్కు ఆడవాళ్ళకు బీడీ ఎంత పెద్ద ఆసరానో మీకు చెప్పే పని లేదు. అక్కకు బీడీ చుట్టడం రాలేదు. ఆమె వేళ్ళు పొట్టివి, మెత్తనివి. ఆకు జారిపోయేది. కానీ ఆకు తడపడం, గుడ్డలో చుట్టి పెట్టడం, చుట్టిన బీడీలను కట్ట కట్టడానికి పేర్చడం ఆమె పనే. కట్టకు ఇరవై అయిదు. అక్కకు అంకెలు రావు. ఐదు బీడీలు ఒక వరుస, అట్లాంటివి ఐదు వరుసలు. తన అరచేతిని నేల మీద పరిచి, వేలికొక్కటి చొప్పున పెట్టి వరుస సరిచూసుకునేది. కార్ఖానాలో బీడీలు సరిచూసే చెక్కర్, ఆకు బాగాలేదని బీడీలు తీసి పారేసిన రోజులున్నాయి గానీ, లెక్క తక్కువైందని మా కట్టను వెనక్కి పంపింది లేదు.

అక్కను వాడలో 'దేవుని బిడ్డ' అనేవాళ్ళు. ప్రేమతో అన్నమాటే, కానీ మాకు నవ్వొచ్చేది. దేవుని బిడ్డ అయితే తమ్ముని అంగీ జేబులోంచి రూపాయి తీసి, సోడా తాగి, మూతి తుడుచుకుని 'నేను కాదు' అంటుందా? నా పెళ్ళప్పుడు నా భార్య వైపు చూడనని మూడు రోజులు పంతం పట్టింది. నాలుగో రోజు ఆమె జడకు పూలు పెడుతూ కనిపించింది. ఇష్టమైన చీర ఉతకడానికి ఇవ్వదు. టీవీలో ఏడుపు సీన్ వస్తే లేచిపోతుంది. వేములవాడలో కోడెను కట్టేటప్పుడు నేను భయపడి దూరం జరిగితే, పగ్గం తానే పట్టుకుని గుడి చుట్టూ తిప్పింది.

బతుకమ్మ ఆమె పండుగ. గునుగు, తంగేడు తెంపడానికి పిల్లల కంటే ముందు లేచేది. సద్దుల నాడు ఆటయ్యాక సత్తుపిండి పంచే పని ఎవరు అప్పగించారో గానీ, ఏళ్ళకేళ్ళుగా అది అక్కదే అయింది. చెంచాడు అంటే చెంచాడే. పట్వారి ఇంటావిడకూ అంతే, పాకీ పని చేసే ఆమెకూ అంతే. ఇంకొంచెం పెట్టమని చేయి చాపితే 'అయింది, పో' అనేది. ఆటలో ఆమె చప్పట్లు పాటకు ఒక చప్పట్టు వెనక పడేవి. ఆడే వాళ్ళందరూ దానికి అలవాటుపడ్డారు.

2010 ప్రాంతంలో, వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపుకు అక్కను తీసుకుపోయాం. పత్రంలో వైకల్యం 75 శాతం అని వచ్చింది. ఇంట్లో ఎవరికీ పదో తరగతిలో అన్ని మార్కులు రాలేదు. 'డిస్టింక్షన్ నా బిడ్డకే అచ్చింది' అని అవ్వ వాడంతా చెప్పింది. ఆ పత్రం మీదే పింఛను వచ్చింది. 2014 నవంబరులో ఆసరా మొదలైనప్పుడు 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016. ఆ డబ్బు మా ఇంటికి చాలా పెద్ద అండ. ప్రభుత్వం అక్కను పట్టించుకోలేదని నేను ఎన్నడూ అనను.

నేను చెప్పదలచుకున్నది వేరే. పథకాలు వచ్చినప్పుడల్లా ఆమె వయసు దాటిపోయి ఉంది. సికింద్రాబాద్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లో వచ్చింది. అప్పటికి అక్కకు పదమూడు, మేమేమో కాగజ్‌నగర్‌లో. వికలాంగుల మొదటి చట్టం 1995లో వచ్చింది, అక్కకు ఇరవై నాలుగు. గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లలకు ఆపరేషన్ చేయించే ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు తెరిచేసరికి ఆమె ముప్పై దాటింది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలై, అంగన్‌వాడీలకు, బడులకు డాక్టర్ల బృందాలు వచ్చి పిల్లలను చూడసాగాయి. పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్‌ను పేరు పెట్టి రాశారు. కానీ ఆ కార్యక్రమం పద్దెనిమిదేళ్ళ దాకానే. అక్కకప్పుడు నలభై రెండు.

మంచి పథకాలే అన్నీ. వాటి దయవల్ల ఇప్పుడు బతికి పెరుగుతున్న పిల్లలను నేను చూస్తున్నాను. 2007లో ఏడాది బిడ్డగా గుండె ఆపరేషన్ అయినవాళ్ళు ఇప్పటికి పద్దెనిమిది దాటేశారు. భవిత కేంద్రంలో బొమ్మలు పేర్చిన పిల్లలకు మీసాలొచ్చాయి. వాళ్ళందరూ ఇప్పుడు మా అక్క ఉన్న చోటికే వస్తున్నారు. నెలనెలా పింఛను పడుతుంది, ఒంట్లో ఎట్లుందని అడిగేవాళ్ళు ఉండరు.

అలా అడగకపోతే ఏమవుతుందో, అడిగితే ఏమవుతుందో రెండూ మా ఇంట్లో జరిగాయి.

2012లో అక్క మెల్లగా మారిపోయింది. పగలు పడుకోవడం మొదలుపెట్టింది. చలి చలి అని ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకునేది. మాట తగ్గింది, ఒళ్ళు వచ్చింది, మలబద్ధకం. చాట ముందు కూర్చుంటే వరుసకు నాలుగే పెట్టి లేచిపోయేది. ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన ఆమెను తాకకుండానే 'ఇట్లాంటి వాళ్ళకు ఇంతే, వయసైతున్నది' అన్నాడు. అవ్వ ఆ మాట ఒప్పుకోలేదు. 'వయసైతే నాకు గావాలె, దానికెందుకైతది' అంది.

తర్వాత చూసిన ఒక డాక్టరమ్మ వేరే ప్రశ్న వేసింది. 'ఇదివరకు ఈమె ఏమేం చేసేది?' అంది. అంతే, అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. ఆకు తడపడం, ఐదు వరుసలు, సత్తుపిండి చెంచా, ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇవ్వడం, సోడా దొంగతనం కూడా. డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. రాసుకుని, 'అయితే ఇది వయసు కాదు, ఏదో వచ్చింది' అని రక్తపరీక్ష రాసింది. థైరాయిడ్. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర. కొన్ని నెలలకు అక్క దుప్పటి తీసి పక్కన పెట్టింది. మళ్ళీ ఐదేసి బీడీలు, అరచేతి కొలత. ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్ళు మా అక్క మా అక్కలాగానే బతికింది. ఒక రక్తపరీక్ష చేసిన పని ఇది.

డౌన్ సిండ్రోమ్ అన్న పేరు మాకు తెలిసింది కూడా ఆ రోజే, అక్క నలభై ఒకటో ఏట. మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉండాలి, వీళ్ళకు 21వది జతకు బదులు మూడుంటాయి, మొత్తం 47 అని ఆ డాక్టరమ్మ కాగితం మీద గీతలు గీసి చూపించింది. ఇంగ్లండు డాక్టరు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఈ లక్షణాలను వర్ణించాడు. అదనపు క్రోమోజోమే దీనికి కారణమని 1959లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంటే మా అక్క పుట్టేనాటికి ఈ సంగతి లోకానికి తెలిసి పన్నెండేళ్ళు. అది మా వాడ దాకా రావడానికి ఇంకో నలభై ఒక్క ఏళ్ళు పట్టింది. ఆ కాగితం చూసి అవ్వ 'అయితే నేను గ్రహణం నాడు తిరిగినందుకు గాదన్నట్టు' అంది. ఆమె అంత తేలికపడ్డ ముఖం నేను అంతకు ముందు చూడలేదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు ఎక్కువ ఆయుష్షు ఉండదని మనవాళ్ళలో గట్టి నమ్మకం. ఒకప్పుడు అది నిజమే. ఫ్రాన్సు అధ్యక్షుడిగా చేసిన చార్లెస్ డి గాల్ కూతురు ఆన్‌కు డౌన్ సిండ్రోమ్. 1928లో పుట్టి, 1948లో ఇరవై ఏళ్ళకే ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. అమెరికాలో 1983లో చనిపోయిన డౌన్ సిండ్రోమ్ వ్యక్తుల మధ్యస్థ వయసు 25, 1997 నాటికి అది 49. ఇప్పుడు అక్కడ అరవై దాకా బతకడం మామూలు. కోరుట్ల బీడీల వాడలో మా అక్క యాభై రెండేళ్ళు బతికింది. వీళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళవుతున్నారు, ముసలివాళ్ళవుతున్నారు. మన ఏర్పాట్లు మాత్రం వీళ్ళను ఇంకా పసిపిల్లలుగానే చూస్తున్నాయి.

పెద్ద వయసులో వీళ్ళకు వచ్చే జబ్బులు దాదాపు ముందే తెలిసినవి. థైరాయిడ్ లోపం, చిన్న వయసులోనే కంటిశుక్లం, చెవుడు, నిద్రలో ఊపిరి ఆగడం, షుగరు, మెడ ఎముకల్లో పట్టు సడలడం. ఒక్కొక్కటీ నడవడి మార్పుగానే బయటపడుతుంది. చెవి వినపడనివాడు మొండివాడిలా కనిపిస్తాడు, కన్ను కనపడనామె మెట్టు దగ్గర ఆగి ఏడుస్తుంది. 'వాళ్ళకు ఇంతే' అన్న ఒక్క మాట చాలు, వీటన్నిటినీ కప్పిపెట్టడానికి. 2020లో అమెరికాలో నిపుణులు పెద్దవాళ్ళ కోసం వైద్య మార్గదర్శకాలు ప్రచురించారు. ఇరవై ఒకటో ఏట నుంచి ఏడాదికో రెండేళ్ళకో థైరాయిడ్ పరీక్ష, నలభై నుంచి ఏటేటా జ్ఞాపకశక్తి పరిశీలన అందులో ఉన్నాయి. ఇంగ్లండులో పద్నాలుగేళ్ళు దాటిన మేధో వైకల్యం ఉన్నవాళ్ళకు ఏడాదికోసారి ఊరి డాక్టరు దగ్గర పూర్తి పరీక్ష చేసే పద్ధతి ఉంది.

రెండోసారి మార్పు 2020లో వచ్చింది. కరోనా ఏడు, సద్దుల బతుకమ్మ మా వాకిట్లోనే చిన్నగా ఆడారు. అందరూ ఒక దిక్కు తిరుగుతుంటే అక్క ఎదురు తిరిగి నడిచింది. మూడుసార్లు భుజం పట్టి తిప్పారు, మూడుసార్లూ మళ్ళీ అటే పోయింది. సత్తు చెంచా చేతికిస్తే తానే తినేసింది. అందరూ నవ్వారు, అవ్వ నవ్వలేదు. ఈసారి మేము ఎవరినీ అడగకుండానే మొదట థైరాయిడ్ పరీక్ష చేయించాం. బాగానే ఉంది. కళ్ళు చూపించాం, చెవులు చూపించాం. అవేవీ కావని తేలాక పెద్ద దవాఖానలో అల్జైమర్స్ అన్నారు.

దాని కారణం కూడా ఆ అదనపు క్రోమోజోములోనే ఉంది. మెదడులో పేరుకుని కణాలను చంపే అమైలాయిడ్ అనే పదార్థానికి మూలమైన జన్యువు 21వ క్రోమోజోము మీదే ఉంటుంది. అది మూడుంటే ఆ పదార్థం ఎక్కువ తయారవుతుంది. అందుకే నలభై ఏళ్ళకే డౌన్ సిండ్రోమ్ ఉన్న దాదాపు అందరి మెదడులో ఆ గుర్తులు ఉంటాయి. మతిమరుపు సగటున యాభైలలో బయటపడుతుంది. మామూలు మనిషికి డెబ్బై, ఎనభైలలో వచ్చేది వీళ్ళకు ఇరవై, ముప్పై ఏళ్ళు ముందే వస్తుంది.

ఈ జబ్బును నయం చేసే మందు లేదు. 'మరి తెలిసి ఏం లాభం?' అని మా చుట్టాలే అడిగారు. చాలా లాభం ఉంది. తెలిసింది కాబట్టి మూర్ఛ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ బెదరలేదు, దయ్యం అనలేదు, మందు ఉంది, వేశాం. తెలిసింది కాబట్టి గడపకు పసుపు రంగు గట్టిగా పూశాం, మెట్టు ఆమెకు కనబడింది. ఆమె మంచం చోటు మార్చలేదు. మింగడం కష్టమవుతుందని తెలిసి గట్క పలుచన చేసి, కూర్చోబెట్టి, చిన్న చెంచాతో నా భార్య తినిపించింది. నా భార్య వైపు మూడు రోజులు చూడనన్న మనిషి, చివరి ఏడాదిలో ఆమె చేతి నుంచి తప్ప ఎవరి చేతి నుంచీ తినలేదు. చివరికి నిమోనియా వచ్చింది. ఈ దశలో చాలామందిని తీసుకుపోయేది అదేనని మాకు ముందే చెప్పారు.

అవ్వ మొదటి నుంచీ ఒకటే అనేది: 'నా కన్న ముందుగాల నా బిడ్డ పోవాలె.' డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ తల్లి ఎవరినైనా పలకరించండి, ఇదే మాట వస్తుంది. కొండగట్టులో, ధర్మపురిలో, వేములవాడలో అవ్వ ఈ మొక్కే మొక్కింది. మొక్కు తీరిన నాడు మాత్రం, 'గా మాట నేనెందుకన్నరా' అని నా చేయి పట్టుకుని ఏడ్చింది. ఒక తల్లి తన బిడ్డ చావును కోరుకోవాల్సిన అవసరం లేని జిల్లాలు కట్టడం కలెక్టర్ల పనా అని మీరు అడగవచ్చు. కొంతవరకు మీ పనే. మేధో వైకల్యం ఉండి పద్దెనిమిది దాటినవాళ్ళకు సంరక్షకులను నియమించే స్థానిక స్థాయి కమిటీ ఒకటి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద ప్రతి జిల్లాలో ఉండాలి. అందులో కూర్చునేది జిల్లా మేజిస్ట్రేటు హోదా గల అధికారి. పద్దెనిమిది దాటాక ఈ మనుషులు ప్రభుత్వానికి ఎదురుపడే కొద్ది చోట్లలో అదొకటి, అక్కడ ఉన్నది మీరే.

అందుకని నా మనవి ఇది.

మొదటిది, పేర్లు. కొత్త సర్వే అక్కర్లేదు. ఆసరా జాబితా, సదరం పత్రాలు, యూడీఐడీ కార్డులు మీ దగ్గరే ఉన్నాయి. వాటిలోంచి మేధో వైకల్యం కింద ఉన్న పద్దెనిమిది దాటినవాళ్ళ పేర్లు మండలాల వారీగా తీయించండి. వికలాంగుల హక్కుల 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డౌన్ సిండ్రోమ్‌కు విడిగా పేరు లేదు, మేధో వైకల్యంలోనే కలిసిపోయింది. కాబట్టి ఎవరికి డౌన్ సిండ్రోమో ఆ జాబితా చెప్పదు. ఊళ్ళో ఆశా కార్యకర్తకు చెబితే ఒక్క పూటలో గుర్తు పెట్టి ఇస్తుంది.

రెండోది, ఏడాదికి ఒక్క పరీక్ష. ముప్పై దాటిన ప్రతివారికీ బీపీ, షుగరు చూడటానికి ఏఎన్ఎంలు, ఆశాలు ఇప్పటికే ఇండ్లకు వస్తున్నారు. ఈ ఇండ్లలో మాత్రం వయసు పద్దెనిమిదికి తగ్గించి, థైరాయిడ్‌కు రక్తం, కళ్ళు, చెవులు, నడక, నిద్ర కలపండి. నలభై దాటితే జ్ఞాపకశక్తి కూడా. రక్తం పంపడానికి చోటు ఉంది. 2021లో కరీంనగర్, ఆదిలాబాద్ సహా మన జిల్లాల్లో కొన్నిటిలో తెరిచిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాల్లో థైరాయిడ్ పరీక్షకు డబ్బు తీసుకోరు. చదువు రాని మనిషికి పరీక్ష ఎట్లా అనకండి. 2018లో కంటి వెలుగు శిబిరంలో అక్క అక్షరాల చార్టు చదవలేదు. అక్కడున్న అమ్మాయి దూరం నిలబడి వేళ్ళు చూపించి, 'ఎన్ని' అని అడగకుండా, 'నువ్వూ ఇట్లనే పెట్టక్కా' అంది. అక్క పెట్టింది. చూపు ఎంతుందో తేలిపోయింది. ఓపిక ఉన్నవాళ్ళకు దారి దొరుకుతుంది. చట్టం కూడా మీ వెంట ఉంది. 2016 చట్టంలోని 25వ సెక్షన్ పల్లెల్లో దగ్గరలోనే వైద్యం, చూడటంలో ముందు వరుస వీళ్ళ హక్కు అంటోంది. అదే సెక్షన్ పిల్లలను ఏడాదికోసారి పరీక్షించమంది. పెద్దవాళ్ళను పరీక్షించవద్దని అనలేదు.

మూడోది, ఒక పేజీ. దీనికి ఖర్చు కాగితం మటుకే, కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మామూలు మనిషికి మతి తప్పుతోందా అని చూడాలంటే తారీఖు అడుగుతారు, లెక్క అడుగుతారు. మా అక్కకు ఆ రెండూ ఎన్నడూ రాలేదు. ఆమె ఏం కోల్పోయిందో తెలియాలంటే ఆమెకు ఏం వచ్చో ఎవరైనా ముందే రాసి పెట్టాలి. మా ఇంట్లో ఆ కాగితం అవ్వ తలకాయలో ఉంది. అవ్వ ఉంది కాబట్టి, అడిగిన డాక్టరమ్మ దొరికింది కాబట్టి పని జరిగింది. తల్లి ముందు పోయిన ఇండ్లలో ఆ కాగితం తల్లితోనే పోతుంది. అందుకే ముప్పై, ముప్పై అయిదేళ్ళ వయసులో, మనిషి నిబ్బరంగా ఉన్నప్పుడే, ఇంటివాళ్ళను కూర్చోబెట్టి ఒక్క పేజీ రాయించండి. పింఛను కాగితాలతో పాటు అది కూడా దాచుకుంటారు.

నాలుగోది, మీ బల్ల దగ్గర. సంరక్షకుని కోసం దరఖాస్తు వచ్చినప్పుడు ఆధార్, వైకల్య పత్రం, ఫోటోలు చూస్తారు. వాటితో పాటు 'థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించారు, ఆ పేజీ ఉందా' అని రెండు మాటలు అడగండి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఉందని, అందులో పరీక్షల ఖర్చు కూడా వస్తుందని అక్కడికక్కడే చెప్పండి. తల్లీతండ్రీ ఇద్దరూ ముసలివాళ్ళయిన ఇండ్లను వేరే గుర్తు పెట్టుకుని, వాళ్ళ తర్వాత ఎవరు చూస్తారన్నది వాళ్ళుండగానే తేల్చండి.

ప్రతి మార్చి 21న ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం. 21వ క్రోమోజోము మూడుంటుంది కాబట్టి మూడో నెల 21 అట. 2012 నుంచి ఐక్యరాజ్యసమితి జరుపుతోంది. ఆ రోజు మన దగ్గర కూడా పిల్లలతో పాటలు పాడించి, పండ్లు పంచుతారు. పాడనివ్వండి, అక్క ఉంటే ఆమె కూడా ఒక చప్పట్టు వెనక చప్పట్లు కొట్టేది. వచ్చే మార్చి 21న మాత్రం, ఎనిమిది జిల్లాల్లో జిల్లాకు ఒక మండలం చొప్పున, పద్దెనిమిది దాటినవాళ్ళను కూడా పిలిచి రక్తం తీయించండి. ఆ పేజీ రాయించండి.

పేజీలో ఏం అడగాలో అవ్వ చెప్పింది, నేను రాశాను. ఆమె చెప్పిన వరుసలోనే పెడుతున్నాను:

ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఏ పని చేస్తుంది?
ఇంట్లో ఎవరెవరిని పేరు పెట్టి పిలుస్తుంది?
దేనికి అలుగుతుంది, ఎంతసేపు?
రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది? గురక ఉందా?
మెట్టు ఎక్కేటప్పుడు చేయి పట్టుకోవాలా?
ఏ పాటకు తల ఎత్తుతుంది?
తన వాటా తాను తింటుందా, పక్కవాళ్ళకు పెడుతుందా?
నిరుడు చేసి ఈ ఏడు మానేసింది ఏమన్నా ఉందా?

ఇందులో వైద్యభాష లేదని మీ అధికారులు అనవచ్చు. ఈ జవాబులు చూపిస్తే ఏ డాక్టరుకైనా అర్థమవుతాయి. ముఖ్యంగా చివరి ప్రశ్నకు 'ఉంది' అని జవాబు వస్తే ఆ వారంలోనే రక్తపరీక్ష కావాలి. కోరుట్ల మండలాన్ని మొదటి దానిగా తీసుకుంటే, మొదటి రోజు ఏఎన్ఎంలకు ఈ ప్రశ్నలు ఎట్లా అడగాలో చూపించడానికి అవ్వ వస్తానంటోంది. ఆమెకు డెబ్బై దాటాయి, ఎక్కువ దూరం రాలేదు. తేదీ చెప్పండి, నేను తీసుకొస్తాను.

ఇట్లు,
కోరుట్ల నుంచి ఒక తమ్ముడు